సాయంత్రం ఐదు గంటల బులెటిన్: స్విట్జర్లాండ్ మంచుచరియల హెచ్చరిక సేవ పర్వతారోహకుడికి ఎంతవరకు ఉపయోగం?

చలికాలంలో స్విస్ ఆల్ప్స్‌లోని ఏ పర్వత వసతిగృహంలోనైనా సాయంత్రం ఐదు గంటలు కాగానే మాటలు ఆగిపోయి, అందరి చూపులూ ఫోన్ల మీదికి మళ్ళుతాయి. దావోస్‌లో ఉన్న మంచు, మంచుచరియల పరిశోధన సంస్థ, అంటే వాడుకలో ఎస్‌ఎల్‌ఎఫ్ అని పిలిచే సంస్థ, మరుసటి రోజు సాయంత్రం దాకా వర్తించే ప్రమాద సూచనను ఆ సమయానికి విడుదల చేస్తుంది. ఈ బులెటిన్ ఉచితం, ఎవరైనా చదువుకోవచ్చు. కొన్ని చలికాలాలుగా ఐస్ క్లైంబింగ్‌కూ (గడ్డకట్టిన జలపాతాలు ఎక్కడం), మంచు నిండిన కొండ చీలికల్లో ఆరోహణకూ నేను దీని మీదే ఆధారపడుతున్నాను. నేను వాడిన పర్వత సేవలన్నింటిలో దీనికే మొదటి స్థానం ఇస్తాను. అయితే ఇందులో అన్నిటికంటే పెద్దగా, రంగులతో కనిపించే అంకె ఆరోహకుడికి అన్నిటికంటే తక్కువ చెబుతుందనీ, అసలు విషయమంతా దాని కింద ఉన్న నాలుగైదు వాక్యాల్లో ఉంటుందనీ నాకు ఆలస్యంగా అర్థమైంది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ వాక్యాల గురించే.

ముందుగా మాట విషయం ఒకటి స్పష్టం చేయాలి. మన పత్రికల్లో అవలాంచ్‌ను హిమపాతం అని రాయడం పరిపాటి, కానీ మంచు కురవడాన్ని కూడా అదే మాటతో చెబుతారు. ఈ వ్యాసంలో ఆ రెండూ వేర్వేరుగా ఉండాలి కాబట్టి, వాలు మీది మంచు తెగి కిందికి దూసుకురావడాన్ని మంచుచరియ అనే అంటాను.

ఈ సేవ వెనుక ఉన్న అనుభవం చిన్నది కాదు. 1936లో దావోస్ పైన ఉన్న వైస్‌ఫ్లూయోఖ్ కొండ మీద ఒక చిన్న ప్రయోగశాలలో మొదలైన పరిశోధన 1942లో సంస్థగా రూపుదిద్దుకుంది. 1945 నుంచి మంచుచరియల హెచ్చరికలు ఇచ్చే బాధ్యత ఆ సంస్థదే. 1950–51 చలికాలంలో స్విట్జర్లాండ్‌లో మంచుచరియలకు 98 మంది బలయ్యారు. కొండ ఊళ్ళలో కట్టిన అడ్డుగోడలూ, ప్రమాద పటాలూ, హెచ్చరికల పద్ధతులూ ఆ విషాదం తరువాతే వేగం పుంజుకున్నాయి. మంచుచరియల ముప్పును ఎదుర్కొనే ఈ అనుభవజ్ఞానాన్ని స్విట్జర్లాండ్, ఆస్ట్రియా దేశాల ఉమ్మడి వారసత్వంగా యునెస్కో 2018లో గుర్తించింది. నేడు దాదాపు 200 మంది పరిశీలకులు దేశమంతటా మంచును చూసి, కొలిచి, తవ్వి సమాచారం పంపుతారు. ఎత్తైన చోట్ల నిలబెట్టిన స్వయంచాలక కేంద్రాలు గాలినీ, ఉష్ణోగ్రతనూ, మంచు లోతునూ ఎడతెగకుండా నమోదు చేస్తాయి. వీటన్నిటినీ ముందు పెట్టుకుని సూచనకర్తలు తమ అంచనాలు సరిపోల్చుకున్నాకే బులెటిన్ బయటికి వస్తుంది. చలికాలపు ముఖ్య నెలల్లో ఉదయం ఎనిమిదికి మరొకసారి సవరించి ఇస్తారు.

ఇక ఆ అంకె సంగతి. ఐరోపాలోని మంచుచరియల హెచ్చరిక సేవలు 1993లో ఒప్పుకున్న ప్రమాద సూచికలో ఐదు స్థాయిలున్నాయి. వాటిని తెలుగులో స్వల్పం, మితం, గణనీయం, తీవ్రం, అతి తీవ్రం అనుకోవచ్చు. ఐదింట మూడు అనగానే మనసు దాన్ని సగటుగా లెక్క వేస్తుంది, పరీక్షలో యాభై మార్కులు వచ్చినట్టు భావిస్తుంది. వాస్తవం వేరు. స్థాయి ఒకటి పెరిగితే ప్రమాదం ఒక మెట్టు కాదు, కొన్ని రెట్లు పెరుగుతుంది. ఎస్‌ఎల్‌ఎఫ్ లెక్కల ప్రకారం చలికాలపు రోజుల్లో సుమారు 30 శాతం మూడో స్థాయివి కాగా, మంచుచరియల మరణాల్లో దాదాపు సగం ఆ రోజుల్లోనే సంభవిస్తున్నాయి. రెండో స్థాయి రోజులు సగం దాకా ఉంటాయి, మరణాల్లో వాటి వాటా 30 శాతం వరకూ ఉంటుంది. ఐదో స్థాయి మాత్రం అరుదు. 1999 ఫిబ్రవరి తరువాత దాన్ని విస్తారమైన ప్రాంతాలకు మళ్ళీ ప్రకటించింది 2018 జనవరిలోనే. నాలుగో స్థాయి నాడు కొండలు తామే మాట్లాడతాయి, చరియలు వాటంతటవే జారిపడుతుంటాయి, రోడ్లు మూసేస్తారు, జనం లోపలే ఉంటారు. మూడో స్థాయి నాడు ఆకాశం నీలంగా ఉండవచ్చు, మంచు మెత్తగా, అందంగా ఉండవచ్చు, హెచ్చరించే గుర్తు ఒక్కటీ కంటికి కనిపించకపోవచ్చు. అయినా ఒక్క మనిషి బరువు చాలు వాలు తెగడానికి. ప్రాణాలు తీసిన చరియల్లో పదింట తొమ్మిదింటిని చిక్కుకున్నవారో, వారి బృందంలోనివారో తమ బరువుతో తామే కదిలించారన్న సంగతిని దీని పక్కన పెట్టి చూడాలి.

2022–23 చలికాలం నుంచి ఎస్‌ఎల్‌ఎఫ్ ఒకే స్థాయిలో కింది, మధ్య, పై భాగాలను కూడా విడిగా చూపిస్తోంది. ఇది మంచి మార్పు. రెండుకు ఆనుకుని ఉన్న మూడు వేరు, నాలుగుకు ఆనుకుని ఉన్న మూడు వేరు. ఆ తేడా ఇంతకుముందు సూచనకర్తల మనసుల్లోనే ఉండిపోయేది.

అంకెను దాటి కిందికి దిగితే మూడు ప్రశ్నలకు జవాబులు దొరుకుతాయి. ప్రమాదం ఎలాంటిది, ఏ దిక్కుకు తిరిగిన వాలుల మీద, ఎంత ఎత్తు నుంచి. సమస్యలను ఐదు రకాలుగా విడదీస్తారు: కొత్త మంచు, గాలి పేర్చిన మంచు, పాత దొంతరలోని బలహీన పొరలు, తడి మంచు, నేల మీదుగా మొత్తంగా జారే మంచు. ఆరోహకుడికి వీటిలో మొదట తెలియవలసిన తేడా రెండోదానికీ మూడోదానికీ మధ్య ఉంది.

గాలి ఒక వాలును ఊడ్చి, ఆ మంచును గాలిచాటు వాలు మీద పేరుస్తుంది. ఎగిరే దారిలో స్ఫటికాల కొనలు విరిగిపోవడం వల్ల అవి దగ్గరగా సర్దుకుని గట్టి పలకగా బిగుస్తాయి. మబ్బు లేని రోజున కూడా, కొత్తగా ఒక్క రేకు మంచు కురవకపోయినా, గాలి ఒక్కటే కొన్ని గంటల్లో ప్రమాదకరమైన పలకను తయారుచేయగలదు. కానీ దీనికి ఆనవాళ్ళు ఉంటాయి. ఉపరితలం మీద అలల గీతలు, శిఖరపు అంచున ఒకవైపుకు పెరిగిన మంచు చూరు, అడుగు వేస్తే బోలుగా వినిపించే చప్పుడు వాటిలో కొన్ని. కంటికి కనిపిస్తుంది కాబట్టి చాలాసార్లు పక్కనుంచి తప్పుకుని వెళ్ళవచ్చు, గాలి ఊడ్చిన గట్టును పట్టుకుని పైకి పోవచ్చు.

పాత దొంతరలోని బలహీన పొర అలాంటిది కాదు. చలికాలం మొదట్లో మంచు పలచగా పడి, తరువాత రోజుల తరబడి ఆకాశం తేటగా, చలి గట్టిగా ఉంటే, నేలను ఆనుకున్న మంచు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది గాని పైపొర విపరీతంగా చల్లబడుతుంది. ఆ తేడా వల్ల దొంతరలోని ఆవిరి పైకి ప్రయాణిస్తూ, గుండ్రంగా అతుక్కుని ఉండవలసిన రేణువులను పంచదార పలుకుల్లా పెద్దవిగా, విడివిడిగా మారుస్తుంది. దాని మీద తరువాతి మంచు పడి కప్పేస్తే ఇక పైనుంచి చూసేవారికి ఏమీ తెలియదు. నీడ వాలుల్లో ఈ పొర నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. నిటారు వాలుకు దూరంగా, దాదాపు సమతలంగా ఉన్న చోట అడుగు వేసినా పొర కూలి, ఆ కూలడం పక్కకు పాకి, పైన ఉన్న నిటారు వాలు తెగిపడవచ్చు. ధబ్బుమని నేల కుంగినట్టు వినిపించే శబ్దం ఆ కూలడమే. బులెటిన్‌లో దూరం నుంచి కూడా చరియలు కదలవచ్చు అన్న వాక్యం కనిపిస్తే అది ఈ సమస్య గురించే చెబుతోందని అర్థం. ఆ వాక్యం ఉన్న రోజున అంకె రెండైనా సరే, మూడు మీద గాలి పలకలు మాత్రమే ఉన్న రోజు కంటే ఎక్కువ భయపడతాను. గాలి పలకను నా కళ్ళతో పోల్చుకోగలను. లోపలి పొరను పోల్చుకోగలనన్న నమ్మకం నాకు లేదు.

ఈ వాక్యాల గురించి మరొక సంగతి చెప్పాలి. 2012–13 చలికాలం నుంచి సూచనకర్తలు స్వేచ్ఛగా రాయడం మానేసి, ముందే తయారుచేసిన వాక్యాల పట్టిక నుంచి భాగాలను ఎంచి కూర్చుతున్నారు. జర్మన్‌లో కూర్చిన వాక్యం ఫ్రెంచి, ఇటాలియన్, ఇంగ్లీషు భాషల్లోకి వెంటనే వెళ్ళిపోతుంది. ఇలా కూర్చిన భాష యంత్రంలా ఉంటుందేమో అనిపించవచ్చు. నాకు మాత్రం ఇది ఈ సేవలోని పెద్ద గుణం. ఒకే మాట ఎప్పుడూ ఒకే అర్థంలో వస్తుంది, నిన్నటి బులెటిన్‌నూ ఈరోజుదాన్నీ పక్కపక్కన పెట్టి ఏ వాక్యం పోయిందో, ఏది కొత్తగా చేరిందో చూస్తే పరిస్థితి ఎటు కదులుతోందో తెలుస్తుంది. జర్మన్ రాని నాలాంటివారికి అనువాదంలో అర్థం జారిపోతుందన్న భయం కూడా లేదు.

ఇప్పుడు అసలు ఫిర్యాదుకు వస్తాను. ఇది ఎస్‌ఎల్‌ఎఫ్ ఒక్కదాని మీద కాదు, ప్రమాద సూచికను కట్టిన తీరు మీద. నాకు కనిపించినంతవరకు ఆ సూచిక ప్రధానంగా మనిషి మంచు కింద కూరుకుపోయే ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకుంది. చరియల పరిమాణాన్ని కూడా ఐదు తరగతులుగా విడదీసి, అన్నిటికంటే చిన్నదాన్ని సాధారణంగా మనిషిని పూడ్చలేనిదిగా వర్ణిస్తారు. స్కీల మీద విశాలమైన వాలు దిగేవాడికి ఇది నిజమే. కానీ క్రాంపాన్ల (బూట్లకు తగిలించే ఇనుప పళ్ళ చట్రాల) ముందు పళ్ళ మీద నిలబడి, రెండు చేతుల్లో గొడ్డళ్ళతో, కింద వంద మీటర్ల ఖాళీ పెట్టుకున్నవాడికి పూడ్చేటంత మంచు అక్కరలేదు. మోకాలి లోతు మంచు ఒక గది వైశాల్యంలో జారినా అతన్ని వాలు నుంచి ఊడదీస్తుంది, మిగిలిన పని బండరాళ్ళు చేస్తాయి. అందుకని చిన్న చరియలు మాత్రమే అన్న మాటను ఆరోహకుడు ఊరటగా చదవకూడదు. స్కీ బృందం ఒక్కొక్కరుగా, దూరం పాటిస్తూ వాలు దాటగలదు. తాడుతో కట్టుకున్న ఇద్దరికి ఆ వీలు లేదు. ఒకరు పైకి పోతున్నంతసేపూ రెండోవాడు ఇరుకైన చీలిక మధ్యలో, అంటే పైనుంచి వచ్చే ప్రతిదీ గరాటులోంచి జారినట్టు జారే చోట, కదలకుండా నిలబడి తాడు పట్టుకోవాలి. అలా నిలబడిన అరగంటకు సూచికలో ఎక్కడా లెక్క లేదు.

ఎత్తు గీత విషయంలో నేను చేసిన పొరపాటును ఇక్కడ చెప్పడం అవసరం. ఒక ఫిబ్రవరిలో మేము ముగ్గురం గడ్డకట్టిన జలపాతం ఒకటి ఎక్కాలని అనుకున్నాం. మంచుగడ్డ 1,900 మీటర్ల దగ్గర మొదలై 2,100 దాకా ఉంటుంది. బులెటిన్ రెండో స్థాయి చూపించింది, 2,400 మీటర్లకు పైన, ఉత్తరం నుంచి తూర్పు దాకా ఉన్న వాలుల్లో పాత దొంతరలో బలహీన పొరలు ఉన్నాయని రాసింది. మా మార్గం ఆ గీతకు మూడు వందల మీటర్లు కింద ఉంది కాబట్టి మాకు సంబంధం లేదని తేల్చి, నేను ఫోన్ మూసేశాను. భోజనాల దగ్గర మా బృందంలోని ఒకామె పటాన్ని పరిచి, ఆ జలపాతానికి నీరు ఎక్కడి నుంచి వస్తుందని అడిగింది. 2,600 మీటర్ల దగ్గర ఈశాన్యానికి తిరిగిన, పళ్ళెంలా విశాలమైన వాలు నుంచి వస్తుంది. ఆ వాలు మంచంతా దిగవలసిన దారి ఒక్కటే, మేము ఎక్కాలనుకున్న చీలిక. బులెటిన్ మా గురించే రాసింది, నేను దాన్ని తప్పు చోట వెతికాను. మరునాడు మేము దక్షిణం వైపు గాలి ఊడ్చిన ఒక రాతి గట్టు ఎక్కి వచ్చాం. ఆ పళ్ళెం ఆ రోజు తెగిందో లేదో మాకు తెలియదు.

గడ్డకట్టిన జలపాతాలన్నీ నీరు పారే దారులే, కొండ నుంచి కిందికి జారేదేదైనా సహజంగా ఎంచుకునే దారులే. అందువల్ల ఐస్ క్లైంబింగ్ చేసేవారు బులెటిన్‌ను తాము నిలబడే ఎత్తుకు కాక, తమ నెత్తిన ఉన్న వాలు ఎత్తుకూ, అది తిరిగి ఉన్న దిక్కుకూ సరిపెట్టి చదవాలి. మార్గం రోజంతా నీడలో గడ్డకట్టి ఉన్నా, పైన ఉన్న పళ్ళెం మీద పది గంటలకే ఎండ పడుతుండవచ్చు. తడి మంచు ప్రమాదం మధ్యాహ్నానికి పెరిగే రోజుల్లో పొడి మంచుకూ తడి మంచుకూ ఎస్‌ఎల్‌ఎఫ్ వేర్వేరు స్థాయిలు ఇస్తుంది. వసంతంలో ఈ విభజన ఎంతో మేలు చేస్తుంది.

మరి ఈ సేవ ఇవ్వనివి ఏమిటి? మంచుగడ్డ ఎంత మందంగా ఉందో, రాతికి అతుక్కుందో లేదో, గట్టు మీది చూరు ఎంత బయటికి పెరిగిందో ఇది చెప్పదు. హిమనదాల నుంచి విరిగిపడే గడ్డల గురించీ, రాళ్ళ గురించీ చెప్పదు. అవి దాని పని కావు. వాటికోసం వసతిగృహం నడిపేవారినీ, ఆ వారంలో ఆ లోయకు వెళ్ళివచ్చిన గైడ్‌లనూ అడగవలసిందే. ఇంకొకటి, ఉదయం ఎనిమిది గంటల సవరణ స్కీయర్లకు సరిపోతుంది గాని, తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరే ఆరోహకుడు ఆ సమయానికి మార్గం మధ్యలో ఉంటాడు. రాత్రి గాలి అనుకున్నదానికంటే గట్టిగా వీస్తే, సాయంత్రపు అంచనాకూ కాలి కింది మంచుకూ మధ్య ఏర్పడిన తేడాను ఆ చీకట్లో అతనే పోల్చుకోవాలి. దగ్గరలోని స్వయంచాలక కేంద్రం గాలి కొలతలను బయలుదేరే ముందు చూడటం నాకు ఇప్పుడు అలవాటు. అవి కూడా ఎస్‌ఎల్‌ఎఫ్ వైట్ రిస్క్ అనే యాప్‌లోనే దొరుకుతాయి.

అన్నిటికీ మించి గుర్తుంచుకోవలసిన పరిమితి విస్తీర్ణానిది. బులెటిన్ కనీసం వంద చదరపు కిలోమీటర్ల ప్రాంతం గురించి మాట్లాడుతుంది, నా ముందున్న ఒక్క వాలు గురించి కాదు. ప్రాంతాన్నీ వాలునూ కలిపే పని పటంతో చేయాలి. స్విస్ అధికారిక పటాల్లో 30 డిగ్రీలకు మించిన వాలులను రంగులతో చూపే పొర ఒకటుంది. పలక చరియలు పుట్టేది దాదాపుగా ఆ వాలుల్లోనే. బులెటిన్ చెప్పిన దిక్కునూ ఎత్తునూ ఆ రంగుల మీద మోపితే ఏ చోట ఆగాలో, ఏ చోట తప్పుకోవాలో ముందురోజే గీసుకోవచ్చు. చెప్పిన దిక్కుల బయట ప్రమాదం సాధారణంగా ఒక స్థాయి తక్కువగా ఉంటుందని లెక్క వేస్తారు, దాన్ని ప్రమాదం లేదన్నట్టు తీసుకోకూడదు.

బరువు తగ్గించుకోవాలని ఆరోహకులు చాలామంది ట్రాన్సీవర్‌నూ (పూడుకుపోయినవారి జాడను రేడియో సంకేతంతో పట్టే పరికరం), ప్రోబ్‌నూ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పారనూ గదిలో వదిలేసి వెళ్ళడం చూస్తుంటాను. ఎలాగూ పడిపోతే చచ్చేది దెబ్బలతోనే కదా అన్న వాదన వినిపిస్తుంది. ఎక్కేటప్పుడు అది కొంత నిజమే కావచ్చు, కానీ మార్గం మొదలు దాకా నడిచే వాలూ, దిగివచ్చే వాలూ స్కీయర్లు తిరిగే వాలుల్లాంటివే. స్విట్జర్లాండ్ ప్రమాదాల మీద 2024లో వెలువడిన అధ్యయనం ప్రకారం, పూర్తిగా పూడుకుపోయినవారిలో తొంభై శాతానికి పైగా బ్రతికే వ్యవధి మొదటి పది నిమిషాలు మాత్రమే. హెలికాప్టర్ అంతలో రాదు. తవ్వగలిగినవారు పక్కన ఉన్న తోడివారే.

వేసవిలో మంచు గట్టిగా కురిసినప్పుడు మాత్రమే ఎస్‌ఎల్‌ఎఫ్ బులెటిన్ ఇస్తుంది. మిగతా రోజుల్లో యాప్ తెరిస్తే పటం రంగు లేకుండా కనిపిస్తుంది. నాలుగు వేల మీటర్ల శిఖరాలకు జూలైలో వెళ్ళేవారు ఆ ఖాళీ పటాన్ని ప్రమాదం లేదన్న ప్రకటనగా చదువుకోవడం విన్నాను. అది ఆ రోజుకు ఎవరూ అంచనా వేయలేదని మాత్రమే చెబుతుంది. ఆ ఎత్తుల్లో జూలైలోనూ రాత్రి గాలికి ఉత్తరపు వాలు మీద పలక కట్టవచ్చు.